ఉల్లి వేరు స్క్వాష్‌లో ఒక్క మెటాఫేజ్ కూడా కనబడతలేదు, లోపం ఎక్కడ?

దేవరకొండ_బాటనీ:
అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు మైటాసిస్ (కణ విభజన) ప్రాక్టికల్ చేయించాలి. పరీక్షకు మూడు వారాలే ఉంది. స్లైడ్లు అస్సలు వస్తలేవు, మెటాఫేజ్ (క్రోమోజోములు కణం మధ్యలో వరుస కట్టే దశ) ఒక్కటీ లేదు. చేస్తున్న పద్ధతి మొత్తం రాస్తున్న, ఎక్కడ తప్పుందో చెప్పండి.

మార్కెట్లో దొరికే పెద్ద ఉల్లిగడ్డలు గ్లాసుల మీద పెట్టినం. నీళ్లు కాలేజీ బోరువి. గదిలో మధ్యాహ్నం 39, 40 డిగ్రీలు ఉంటుంది. వేళ్లు ఐదో రోజుకు గాని రాలేదు, అవీ పలచగా, కొన్నిటికి కొన గోధుమ రంగు. 4, 5 సెంటీమీటర్లు అయినంక మధ్యాహ్నం ఒంటి గంటకు కోసినం. ఫిక్సేటివ్ (కణాలను ఉన్నదున్నట్టు నిలిపే ద్రావణం) అబ్సల్యూట్ ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం 3:1. సెమిస్టర్ మొదట్లో కలిపి పెట్టిన సీసానే వాడుతున్నం, వేళ్లు కూడా రెండు వారాలుగా అందులోనే ఉన్నయి. తర్వాత వాచ్ గ్లాసులో 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి స్పిరిట్ దీపం మీద ఆవిరి వచ్చేదాకా వేడి చేసి, కొన్న ఎసిటోకార్మిన్ రంగులో 15 నిమిషాలు. కొన నుంచి 5 మి.మీ. ముక్క తీసి స్క్వాష్, అంటే స్లైడు మీద నొక్కి పలచగా పరచడం.

కనబడేది: ఇటుకలు పేర్చినట్టు పొడుగు కణాలు, ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు పొరలు, అంతా లేత గులాబీ, కేంద్రకాలు చిన్న చుక్కలు. రంగు మార్చి ఎసిటోఆర్సీన్ తెప్పిస్తే సరిపోతుందా?

స్లైడ్_సారు:
రంగు జోలికి ఇప్పుడే పోకండి. ఆర్సీన్ పౌడర్ ధర చూస్తే మీ ల్యాబ్ బడ్జెట్ సగం దానికే పోతుంది, స్లైడ్ మాత్రం ఇట్లనే ఉంటుంది. మీరు రాసిన దాంట్లో మూడు వేర్వేరు లోపాలున్నయి. మూడింటికీ కారణాలు వేరు.

పొడుగు కణాలు కనబడుతున్నయంటే మీరు చూస్తున్నది విభాజ్య కణజాలం కాదు, దాని వెనక సాగుడు పట్టిన భాగం. విభజన జరిగే కణాలు పొడుగ్గా ఉండవు. దాదాపు చదరంగా, చిన్నగా, లోపల పెద్ద కేంద్రకంతో ఉంటయి. 5 మి.మీ. ముక్కలో అవి ఉండేది కొన వైపు ఒకటి, ఒకటిన్నర మి.మీ. మాత్రమే. మిగతాదంతా నొక్కితే పరుచుకొని వాటిని కప్పేస్తది. అసలు కొన చివర వేరు తొడుగు ఉంటది, దాని కణాలు విడిపోయి తేలుతుంటయి, అక్కడా విభజన ఉండదు. కావలసింది తొడుగుకు ఆనుకొని వెనకున్న తెల్లటి, మసకగా అనిపించే భాగం. రంగులో నానినంక గుర్తుపట్టడం తేలిక: ఆ ఒక్క మి.మీ. మిగతా వేరుకన్న ముదురుగా తేలుతది. ఆ ముదురు భాగమే బ్లేడుతో కోసుకొని మిగిలింది పారేయండి. ముదురు భాగమే కనబడకపోతే ఆ వేరులో విభజన ఆగిపోయిందన్నమాట, దాన్ని స్క్వాష్ చేసి లాభం లేదు.

కణాలు పొరలు పొరలుగా ఉన్నయంటే ఆమ్లం సరిగ్గా పనిచేయలేదు. దీపం మీద వాచ్ గ్లాసు పెడితే ఒక క్షణం 40 డిగ్రీలు, ఇంకో క్షణం 90. ఆమ్లం చేసే పని కణాలను అంటిపెట్టుకొని ఉన్న పెక్టిన్‌ను వదులు చేయడం. దానికి 60 డిగ్రీలు, 6 నుంచి 8 నిమిషాలు కావాలి. వాటర్ బాత్ లేకపోతే పెద్ద స్టీలు గిన్నెలో లేదా వెడల్పు మూతి థర్మాస్‌లో 62 డిగ్రీల నీళ్లు పోసి థర్మామీటర్ వేలాడదీయండి. ఒక విషయం చాలామంది వదిలేస్తరు: టెస్ట్ ట్యూబ్‌లో ఆమ్లాన్ని ముందే 60కి తెచ్చినంక వేళ్లు వేయాలి. చల్లటి ఆమ్లంలో వేళ్లు వేసి బాత్‌లో పెడితే మొదటి మూడు నాలుగు నిమిషాలు అది వేడెక్కడానికే పోతయి. తక్కువైతే వేరు రబ్బరులా సాగుతది. ఎక్కువైతే పట్టుకారుతో ఎత్తగానే తునిగిపోతది, కేంద్రకాలు వెలిసిపోయినట్టు కనబడతయి. పట్టుకుంటే మెత్తగా ఉండి, విరిగిపోకుండా ఉండాలి. తీసినంక నీళ్లలో రెండుసార్లు కడగండి. ఆమ్లం మిగిలితే కార్మిన్ సరిగ్గా పట్టదు.

1 నార్మల్ ఆమ్లానికి 36–37 శాతం గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు 8.5 మి.లీ., నీళ్లతో 100 మి.లీ.కు తేవాలి. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు కాదు. పాత సీసా మూత వదులుగా ఉంటే గాఢత తగ్గిపోయి ఉంటది, అది కూడా చూసుకోండి.

మూడోది లేత గులాబీ రంగు. దాని సంగతి కింద ఎవరైనా చెప్తరు. ముందు ఈ రెండూ సరిచేయండి.

పాలమూరు_సైటో:
మాస్టారు చెప్పినవి కరెక్టే గానీ, నాకు అనుమానం వేళ్ల మీదనే ఎక్కువ. కొన గోధుమ రంగు అంటే కొన చచ్చిపోయింది. అందులో ఎంత మంచి రంగు పోసినా దశలు రావు.

వేడి మొదటి శత్రువు. ఉల్లి వేరుకు 20–25 డిగ్రీలు ఇష్టం. 40 డిగ్రీల గదిలో నీళ్లు కూడా 35 దాటుతయి, విభజన పడిపోతుంది. ఏసీ అక్కర్లేదు. గ్లాసులను వెడల్పు మట్టి పాత్రలో పెట్టి చుట్టూ తడి ఇసుక పోయండి, లేకపోతే రంజన్ (మంచినీళ్ల కుండ) పక్కన నీడలో పెట్టి తడి గోనెసంచి కప్పండి. మన దగ్గర ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటది కాబట్టి ఈ పద్ధతిలో బాగానే చల్లబడుతుంది. చీకటిగా ఉంటే వేళ్లకు ఇంకా మంచిది. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే వాటిలో ఆక్సిజన్ తగ్గి కొనలు మెత్తబడతయి. గడ్డ అడుగు నీళ్లకు తగిలీ తగలనట్టు ఉండాలి. సగం మునిగితే కుళ్లిపోతది.

రెండోది గడ్డ. యాసంగి ఉల్లి ఇప్పుడే వస్తున్న కాలం. కొత్తగా తీసిన గడ్డలు కొన్ని వారాలు నిద్రావస్థలో ఉంటయి, నీళ్లలో పెట్టినా వేళ్లు ఆలస్యంగా, పలచగా వస్తయి. దేవరకద్ర మార్కెట్‌కు వచ్చే తాజా సరుకు కూరకు బాగుంటుంది గానీ ఈ పనికి పాత గడ్డే మేలు. 2 సెం.మీ. వెడల్పున్న చిన్న గడ్డలు ఏరుకోండి. అడుగున ఎండిపోయిన పాత వేళ్లను బ్లేడుతో గీకేయండి. అడుగు పళ్లెం అంచున ఉండే వలయాన్ని మాత్రం గీకొద్దు, కొత్త వేళ్లు అక్కడి నుంచే పుడతయి. ఇంకో ఇబ్బంది: మొలక రాకుండా గామా కిరణాలు పట్టించిన ఉల్లి కూడా మార్కెట్లోకి వస్తుంది, మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో ఆ ప్లాంటు ఉంది. అట్లాంటి గడ్డలకు వేళ్లు కొంచెం వచ్చి ఆగిపోతయి. ఏ గడ్డ ఎక్కడిదో తెలియనప్పుడు రెండు మూడు దుకాణాల గడ్డలు కలిపి పెట్టడమే మార్గం.

మూడు వారాలే ఉంది కాబట్టి వెల్లుల్లి రెబ్బలు కూడా పెట్టండి. ఉల్లికి, వెల్లుల్లికి రెండింటికీ 2ఎన్ (శరీర కణంలో ఉండే సంఖ్య) 16 క్రోమోజోములే, పెద్దవి, పిల్లలకు చూపించడానికి తేడా ఉండదు. పొట్టు తీసి రెబ్బ అడుగు నీళ్లకు తగిలేలా పెడితే ఒకటి రెండు రోజుల్లో వేళ్లు కనబడతయి.

నీళ్లు. దేవరకొండ వైపు బోరు నీళ్లలో ఉప్పు, ఫ్లోరైడ్ రెండూ ఎక్కువ ఉండే చోట్లున్నయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ ప్లాంటు 20 లీటర్ల క్యాన్ నీళ్లు వాడండి. భగీరథ నల్లా నీళ్లయితే ఒక రాత్రి వెడల్పు బకెట్లో మూత లేకుండా పెట్టండి, క్లోరిన్ పోతుంది. వేళ్లు 1–2 సెం.మీ. ఉన్నప్పుడే కోయండి, 5 సెం.మీ. దాకా ఆగొద్దు.

మిర్యాలగూడ_ల్యాబ్:
లేత గులాబీకి కారణం ఫిక్సేటివ్‌లో కూడా ఉంది. ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపి నిలవ ఉంచితే నెమ్మదిగా ఇథైల్ ఎసిటేట్ తయారవుతుంది, అంటే ఫిక్స్ చేసే శక్తి తగ్గిపోతుంది. మూడు నెలల కిందటి సీసా పారేయండి. వేళ్లు కోసే రోజు పొద్దున 15 మి.లీ. ఆల్కహాల్, 5 మి.లీ. గ్లేసియల్ ఎసిటిక్ కలిపితే ఒక క్లాసుకు చాలు. వేళ్ల పరిమాణానికి కనీసం 20 రెట్లు ఉండాలి. 24 గంటలయ్యాక 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫిక్సేటివ్‌లోనే వారాల తరబడి ఉంచితే కణజాలం గట్టిపడుతుంది, రంగు పట్టదు. దుకాణంలో దొరికే డీనేచర్డ్ స్పిరిట్‌తో మాత్రం ప్రయత్నించొద్దు, అందులో నీళ్లూ ఇతర పదార్థాలూ ఉంటాయి. అబ్సల్యూట్ ఆల్కహాల్ పర్మిట్ దొరకకపోతే మిథనాల్‌తో 3:1 కలుపుకోవచ్చు. అది విషం, ఆవిరి కూడా, కాబట్టి కిటికీలు తెరిచి ఉంచండి.

ఎసిటోకార్మిన్ కొనకుండా మనమే చేసుకోవడం మేలు. 45 మి.లీ. గ్లేసియల్ ఎసిటిక్, 55 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, ఫ్లాస్కులో వేడి చేసి 1 గ్రాము కార్మిన్ వేయండి. ఫ్లాస్కు మూతిలో గరాటు పెట్టి సన్న మంట మీద అరగంట మెల్లగా మరగనివ్వండి. చల్లారాక వడపోసి గోధుమ రంగు సీసాలో పోయండి. దీన్ని మరిగించేటప్పుడు గాఢమైన ఎసిటిక్ ఆవిరి వస్తుంది, ఫ్యూమ్ హుడ్ లేకపోతే వరండాలో చేయండి.

కార్మిన్ క్రోమోజోములకు గట్టిగా పట్టాలంటే ఇనుము కావాలి. 1920ల్లో బెల్లింగ్ ఈ ఇనుము కలిపే పద్ధతి రాశాడు, ఇప్పటికీ అదే నడుస్తోంది. సీసా మొత్తంలో కలపొద్దు. 10 మి.లీ. వేరుగా తీసుకొని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం ఒక్కో చుక్క వేస్తూ ఎర్రరంగు కొంచెం నీలం వైపు తిరగ్గానే ఆపండి. ఎక్కువైతే కార్మిన్ అంతా ముద్దగా అడుగుకు దిగుతుంది. అది కూడా లేకపోతే పాత ఇనుప సూదితో స్లైడు మీద చుక్కలోనే వేరును చిదమండి. స్టెయిన్‌లెస్ స్టీలు సూదితో ఇది జరగదు, ఈ మధ్య వచ్చే డిసెక్షన్ బాక్సుల్లో చాలావరకు అవే ఉంటాయి. ఆర్సీన్ వాడితే ఇనుము అవసరం లేదు.

రంగులో 15 నిమిషాలు సరిపోదు, 30 ఉంచండి. తర్వాత స్లైడును మంట మీదుగా రెండు మూడుసార్లు పోనివ్వండి, వెనక వైపు చెయ్యి పెడితే వెచ్చగా తగలాలి. చుక్క ఉడికిందంటే బుడగలు, కార్మిన్ గింజలు మిగులుతాయి.

స్క్వాష్ దగ్గర ఎక్కువ చెడిపోయేది కవర్‌స్లిప్ జరగడం వల్ల. ముదురు ముక్కను చిన్న చుక్క 45 శాతం ఎసిటిక్‌లో పెట్టి కవర్‌స్లిప్ వేయండి. అగ్గిపుల్ల వెనక కొసతో నిలువుగా 20, 30 సార్లు తట్టండి. ముక్క మబ్బులా విచ్చుకోవాలి. అప్పుడు మడిచిన ఫిల్టర్ కాగితం పైన వేసి ఒక చేత్తో అంచు పట్టుకొని రెండో చేతి బొటనవేలితో నిలువుగా నొక్కండి. పక్కకు రవ్వంత జరిగినా కణాలు చుట్టలు చుట్టుకుపోతాయి. చుక్క పెద్దదైతే ముక్క ఫిల్టర్ కాగితంలోకి పోతుంది, తర్వాత స్లైడులో ఏమీ ఉండదు.

చూసేటప్పుడు నేరుగా 40 ఎక్స్‌కు పోకండి. 10 ఎక్స్‌లో ముదురు కణాల గుంపు వెతికి, దాన్ని మధ్యకు తెచ్చి, కండెన్సర్ పైకెత్తి, డయాఫ్రమ్ కొంచెం మూసి అప్పుడు మార్చండి. డయాఫ్రమ్ పూర్తిగా తెరిచి ఉంటే బాగా రంగు పట్టిన క్రోమోజోములు కూడా వెలిసినట్టే అనిపిస్తాయి.

పాలమూరు_సైటో:
ఒంటి గంటకు కోయడం గురించి ఎవరూ అనలేదు. పొద్దున 9 నుంచి 11 మధ్య కోయాలని ప్రతి మాన్యువల్‌లో ఉంటుంది.

మిర్యాలగూడ_ల్యాబ్:
ఆ నియమాన్ని అంత గట్టిగా పట్టుకోవాల్సిన పని లేదు. వేడిని స్థిరంగా ఉంచితే ఉల్లి వేరు గడియారం చూసి విభజించదు, కణాలు ఎవరి లెక్కన వాళ్లు నడుస్తుంటాయి. మన దగ్గర పొద్దున మంచి ఫలితం వస్తుందంటే అసలు కారణం రాత్రి చల్లదనం. మధ్యాహ్నం 40 డిగ్రీల్లో గంటలు గడిపిన వేరును కోస్తే పొద్దున ఉన్నన్ని దశలు ఉండవు. అందుకని ఈ ఎండల్లో పొద్దున కోయడం సరైనదే, కారణం మాత్రం ఉష్ణోగ్రత. కుదిరితే 8, 9, 10, 11 గంటలకు నాలుగు సీసాల్లో వేరువేరుగా ఫిక్స్ చేసి సమయం రాసి పెట్టుకోండి. ఏ సీసాది బాగుంటే పరీక్షకు అదే.

దేవరకొండ_బాటనీ:
అందరికీ ధన్యవాదాలు సార్. ఆర్‌ఓ నీళ్లు, తడి ఇసుక, వెల్లుల్లి రెబ్బలు పెట్టినం, థర్మాస్‌లో 60 డిగ్రీలు, కొత్త ఫిక్సేటివ్. ఇప్పుడు క్రోమోజోములు స్పష్టంగా వస్తున్నయి. కానీ ఒక సందేహం. ఒక బ్యాచ్ వేళ్లను ఫిక్స్ చేసేముందు పారాడైక్లోరోబెంజీన్ నీళ్లలో నాలుగు గంటలు ఉంచినం. అందులో క్రోమోజోములు విడివిడిగా, పొట్టిగా కనబడుతున్నయి గానీ మెటాఫేజ్ తర్వాత వచ్చే ఎనాఫేజ్, టీలోఫేజ్ దశలు ఒక్కటీ లేవు.

స్లైడ్_సారు:
అది తప్పు కాదు, ఆ మందు పనే అది. పారాడైక్లోరోబెంజీన్ గానీ, కొల్చిసిన్ గానీ, 8-హైడ్రాక్సీక్వినోలిన్ గానీ కదురు తంతువులను దెబ్బతీస్తయి. క్రోమోజోములు మెటాఫేజ్ దగ్గరే ఆగిపోతయి, రెండు ధ్రువాలకు పోలేవు. ఉల్లి వేళ్ల మీద కొల్చిసిన్ ఇట్ల చేస్తదని లెవాన్ 1938లోనే చూపించిండు. క్రోమోజోముల సంఖ్య లెక్కించాలంటే ఈ ముందస్తు చికిత్స కావాలె. దశలు చూపించాలంటే అస్సలు వద్దు. పరీక్షకు దశలే కాబట్టి నేరుగా ఫిక్స్ చేసిన వేళ్లే ఉంచండి.

లెక్కించే పనికి కొల్చిసిన్ పిల్లల చేతికి ఇవ్వొద్దు, చాలా విషం. 8-హైడ్రాక్సీక్వినోలిన్ 0.002 మోలార్ చాలు: 100 మి.లీ. వెచ్చని నీళ్లలో 29 మిల్లీగ్రాములు కరిగించి చల్లార్చి, ఫ్రిజ్ కింది అరలో మూడు నాలుగు గంటలు. పారాడైక్లోరోబెంజీన్‌కు బదులు కిరాణాలో దొరికే, బట్టల మధ్య పెట్టే బిళ్లలు వాడేవాళ్లున్నరు. వాటిలో ఎక్కువ భాగం నాఫ్తలీన్. తేడా తెలుసుకోవాలంటే కరిగినంత ఉప్పు వేసిన నీళ్లలో బిళ్ల వేయండి: నాఫ్తలీన్ తేలుతది, పారాడైక్లోరోబెంజీన్ మునుగుతది.

నకిరేకల్_ఎమ్మెస్సీ:
నేను ఎమ్మెస్సీ స్టూడెంట్‌ని. ఇదే పద్ధతితో మా ఊరి బోరు నీళ్ల ఫ్లోరైడ్ ప్రభావం ఉల్లి వేళ్ల మీద ప్రాజెక్టు చేయొచ్చా? బోరు నీళ్లు ఒక గ్లాసు, ఆర్‌ఓ నీళ్లు ఒక గ్లాసు పెట్టి మైటాటిక్ ఇండెక్స్ (విభజనలో ఉన్న కణాల శాతం) పోల్చాలనుకుంటున్నాను.

పాలమూరు_సైటో:
తమ్ముడూ, చేయొచ్చు. కానీ ఆ రెండు గ్లాసులతో ఫ్లోరైడ్ గురించి ఏమీ చెప్పలేవు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో పాటు నైట్రేటు, ఉప్పు, గట్టిదనం అన్నీ ఉంటయి. ఇండెక్స్ తగ్గితే అది దేని వల్లో తేలదు. సోడియం ఫ్లోరైడ్‌తో ఒక వరుస చేసి, దాని పక్కన బోరు నీళ్లు పెట్టు. 221 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్‌ను ఒక లీటరు ఆర్‌ఓ నీళ్లలో కరిగిస్తే లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్ ద్రావణం వస్తది. దాంట్లోంచి 15 మి.లీ. తీసి లీటరుకు పెంచితే 1.5 మి.గ్రా., అంటే తాగునీటికి మన దేశ ప్రమాణాల్లో గరిష్ఠ పరిమితి. 50 మి.లీ. అయితే 5, 100 మి.లీ. అయితే 10 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్ విషం, నోటితో పిపెట్ పీల్చొద్దు. గాజు సీసాలు కాకుండా ప్లాస్టిక్ సీసాలు, ప్లాస్టిక్ కప్పులు వాడు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. పలచన చేయడానికి బోరు నీళ్లు వాడొద్దు: అందులోని కాల్షియంతో కలిసి కొంత ఫ్లోరైడ్ కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగుతుంది, నువ్వు రాసుకున్న లెక్క వేరు, నీళ్లలో ఉన్నది వేరు అవుతుంది. మీ బోరులో అసలు ఎంత ఉందో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ముందే పరీక్ష చేయించుకో.

ఆలంతో (పటికతో) ఫ్లోరైడ్ తీసిన నీళ్లు, అదే నల్లగొండ టెక్నిక్ నీళ్లు, వరుసలో పెట్టాలనిపిస్తే పీహెచ్ కూడా కొలువు. ఆమ్లం వైపు ఉన్న నీళ్లలో కరిగి మిగిలిన అల్యూమినియం కూడా వేరు కొనలో విభజనను ఆపుతుంది.

మిర్యాలగూడ_ల్యాబ్:
లెక్కింపు గురించి కూడా. అన్ని గడ్డలనూ ముందు ఆర్‌ఓ నీళ్లలోనే పెట్టి వేళ్లు 1 సెం.మీ. అయ్యాక, వేళ్లు సరిగా రాని గడ్డలు తీసేసి, మిగిలినవాటిని పరీక్ష నీళ్లలోకి మార్చండి, 24 లేదా 48 గంటలు. ఒక్కో గాఢతకు కనీసం 5 గడ్డలు, ఒక్కో గడ్డకు 1000 కణాలు. ఇండెక్స్ అంటే విభజనలో ఉన్న కణాలను మొత్తం కణాలతో భాగించి 100తో గుణించడం. ఆరోగ్యంగా ఉన్న వేరులో కూడా పదింటిలో తొమ్మిది దాకా ఇంటర్‌ఫేజ్‌లోనే (విభజనలో లేని స్థితిలోనే) ఉంటాయి కాబట్టి 100 కణాలు లెక్కపెట్టి ఇచ్చే అంకెకు విలువ లేదు. ఎక్కువ దశలున్న మూలకు కన్ను తనంతట తానే పోతుంది. అందుకని స్లైడు ఒక చివర నుంచి వరుసగా ఫీల్డులు మారుస్తూ, ప్రతి ఫీల్డులో ఉన్నవన్నీ లెక్కపెట్టండి. స్లైడ్ల మీద గాఢత రాయొద్దు, ఇంకొకరితో సంకేత అంకెలు వేయించి లెక్క అయిపోయాకే విప్పండి. తొలి ప్రోఫేజ్‌ను (ప్రోఫేజ్ అంటే విభజన మొదటి దశ) ఎక్కడి నుంచి ప్రోఫేజ్‌గా లెక్కేస్తారో మొదటే ఒక నియమం రాసుకోకపోతే తేడా అంతా అక్కడి నుంచే వస్తుంది.

దేవరకొండ_బాటనీ:
ఇంకొక్కటి. స్లైడ్లు మధ్యాహ్నానికల్లా అంచుల నుంచి ఎండిపోతున్నయి. పరీక్ష రోజు దాకా ఎట్ల ఉంచాలె?

స్లైడ్_సారు:
ఈ ఎండల్లో ఎసిటిక్ రెండు గంటల్లో పోతది. నాలుగు అంచులకూ గోళ్ల రంగు పూయండి, పూసేముందు బయటికొచ్చిన ద్రవం కాగితంతో తుడవండి, తడి మీద గోళ్ల రంగు అంటదు. పెట్రీ డిష్‌లో 45 శాతం ఎసిటిక్‌తో తడిపిన ఫిల్టర్ కాగితం పెట్టి స్లైడు దాని మీద పుల్లల పైన ఉంచి ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా ఉంటయి.

శాశ్వతంగా కావాలంటే స్లైడును ద్రవ నత్రజనిలో అర నిమిషం ముంచి, కవర్‌స్లిప్‌ను బ్లేడుతో ఎగరగొట్టి, గాలికి ఆరబెట్టి డీపీఎక్స్‌లో (స్లైడు మీద కవర్‌స్లిప్‌ను అంటించే జిగురులో) మౌంట్ చేయాలె. జిల్లాలో ద్రవ నత్రజని ఎక్కడుంటదని అడగొద్దు, పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రల దగ్గర క్యాన్‌లో ఉంటది. పశువైద్యశాలలో అడిగి చిన్న ఫ్లాస్కులో తెచ్చుకోవచ్చు. ఫ్లాస్కు మూత బిగించొద్దు, పగులుతది. కిటికీలు తెరిచిన గదిలోనే తీయండి, తడి గ్లౌజులతో ముట్టొద్దు.